దివాను గారి దిష్టి చుక్క

చిత్రగిరి రాజావారికి మీసమంటే మోజు, అద్దమంటే అనుమానం.

"అద్దాలు అబద్ధాలాడతాయి! నా కారు తలుపులో నా మొహం చూసుకుని నేను మీసం మెలెయ్యాలి. అంత నిగనిగలాడే నల్ల కారు తెప్పించండి" అని హుకుం జారీ చేశారు.

దివాను సీతాపతిరావు గారు ఆ పని ఎవరికీ వదల్లేదు. తానే మద్రాసు వెళ్లారు. తానే రంగు ఎంచారు. తానే కారుని గూడ్సు బండెక్కించారు. తిరిగొచ్చిన దగ్గర్నుంచీ తనను తానే పొగుడుకుంటున్నారు.

"పదిహేను రోజులు ఆరాల్సిన రంగండీ! నేను ఎదురుగా నిలబడి మూడు రోజుల్లో ఆరబెట్టించాను. దసరా సవారీకి అందుకోవద్దూ?"

ఆ మాట వినడం భ్రమరాంబకి అది నాలుగోసారి. రాజావారికి రోజూ పొద్దున్నే పత్రికలు చదివి వినిపించడం ఆమె కొలువు. ఇరవై రెండేళ్ల పిల్ల. ఉన్నది ఉన్నట్టు చదువుతుంది, లేనిది ఎవరైనా కలిపితే అక్కడే పట్టుకుంటుంది. ఆమెను చూస్తే దివాను గారికి ఒళ్లు మంట.

కోట ముంగిట్లో దివాను గారు స్వయంగా గోనెపట్టాలు లాగేశారు. కారు తళుక్కుమంది. రాజావారు తలుపు ముందు వంగి, కుడి మీసం అందుకుని, ఠక్కున ఆగిపోయారు.

ముక్కు కొన మీద శెనగ గింజంత కురుపు!

ముక్కు తడుముకున్నారు. నున్నగానే ఉంది. పక్కకి జరిగారు. కురుపు బుగ్గ మీదికి వచ్చి కూర్చుంది. వెనకాల ఎవరికో నవ్వొచ్చి, దాన్ని దగ్గు కింద మార్చేశారు.

"సీతాపతిరావ్! ఏమిటిది? కొత్త కారుకి పొక్కేమిటి?"

దివాను గారి చూపు చటుక్కున డ్రైవరు అప్పలసామి మీద పడింది. "వీడేదో చెయ్యి తగిలించి ఉంటాడు ప్రభూ!"

"పట్టా ఇప్పుడే కదండీ విప్పారు, అదీ మీ చేత్తోనే" అంది భ్రమరాంబ. "అప్పలసామి బాబాయి అల్లంత దూరాన ఉన్నాడు. అతని చెయ్యి మరీ అంత పొడుగా?"

దివాను గారు అప్పలసామి మీంచి చూపు తిప్పేశారు. మరుక్షణం మొహాన చిరునవ్వు పులుముకున్నారు.

"అసలది లోపమే కాదు ప్రభూ, దిష్టి చుక్క! ముద్దొచ్చే పిల్లాడికి తల్లి బుగ్గన చుక్క పెట్టదూ? ఇంత అందమైన కారుకి ఊరి కళ్లు తగలకూడదని నేనే చెప్పి పెట్టించాను."

"భేష్!" అన్నారు రాజావారు, మొహం చేటంత చేసుకుని.

ఆ ఊపులోనే దివాను గారు జేబులోంచి బంగారు మూత కలం తీసి కాగితం మీద బరబరా రాసి, పైకి చదివారు. "కారు నిక్షేపంగా అందినది. ఇకమీదట రంగు లేచిన యెడల పూచీ డ్రైవరు అప్పలసామిది. లేచిన రోజునే కొలువు నుంచి తొలగింపు. ఊఁ, వేలిముద్ర వెయ్యరా!"

అప్పలసామి బొటనవేలు వెనక్కి లాక్కున్నాడు. "తల్లీ," అన్నాడు భ్రమరాంబ చెవి దగ్గర, "ఆ పొక్కు ఇయ్యాల కాకపోతే రేపు పగులుద్ది. ముప్పై ఏళ్లు ఈ కోటలో గుర్రబ్బండి తోలినాను. ఈ వయసులో కొలువు ఊడితే నన్నెవులు పెట్టుకుంటారు?"

భ్రమరాంబకి రక్తం మరిగింది. అరిచి వాదించొచ్చు. కానీ రాజావారు అప్పుడే భేష్ అనేశారు, ఆ భేష్‌ని వెనక్కి తీసుకోమంటే చచ్చినా తీసుకోరు. అందుకే ఆ భేష్‌లోంచే దారి వెతికింది.

"దివాను గారు చెప్పింది అక్షరాలా నిజం ప్రభూ."

దివాను గారు ఉలిక్కిపడ్డారు. ఈ పిల్ల తన మాటకి అవుననడం ఇదే మొదటిసారి.

"ఒక్కటే సందేహం. పొద్దున పెట్టిన చుక్కని సాయంత్రం నీళ్లు పోసేటప్పుడు తుడిచేస్తారు కదా? ఇది మద్రాసులో పెట్టిన చుక్కాయె. దారి పొడుగునా ఎన్ని స్టేషన్లు, ఎన్ని కళ్లు! ఆ దిష్టంతా పీల్చుకుని కూర్చుంది. ప్రభువులు దాంతోనే సవారీకి బయల్దేరతారా?"

రాజావారు గబుక్కున రెండడుగులు వెనక్కి వేశారు. "తుడిచెయ్యండి! తుడిచి కొత్తది పెట్టండి!"

అప్పలసామి తడిగుడ్డ అందుకోబోయాడు. భ్రమరాంబ ఆపింది. "నువ్వుండు బాబాయ్. మా ఇంట్లో చుక్క అమ్మ పెడితే అమ్మే తుడిచేది. ఇది పెట్టించింది దివాను గారు."

"ఇప్పుడెందుకులెండి ప్రభూ, వేళ చూసుకుని..."

"దిష్టికి వేళేమిటయ్యా! కానివ్వు!"

దివాను గారు గుడ్డ అందుకుని చిలక ఈక తాకినట్టు తాకారు.

"గట్టిగా!" అన్నారు రాజావారు.

దివాను గారు కళ్లు మూసుకుని ఒక్క రుద్దు రుద్దారు. పొక్కు టప్పుమంది. మీగడ తరకలా అరచేతి మందాన రంగు లేచి గుడ్డకి అతుక్కుంది. లోపల ఇంకా పచ్చిగా జిగురు. తలుపు మీద బోడి రేకు ఇకిలిస్తోంది.

"ఏమిటమ్మాయ్ ఇది?" అన్నారు రాజావారు నోరు తెరిచి.

భ్రమరాంబ చేతులు కట్టుకుంది.

"చుక్కే అయితే గుడ్డకి చుక్క అంటాలి ప్రభూ. ఇక్కడ గుడ్డకి కారే అంటుకుంది! మూడు రోజుల్లో ఆరబెట్టించిన రంగు కదా, పాపం, ఇంకా మద్రాసులోనే ఆరుతున్నాననుకుంటోంది."

రాజావారి మీసాలు ముందు కదిలాయి, తర్వాత భుజాలు, ఆ తర్వాత బొజ్జ. ముంగిలంతా గొల్లుమంది.

రాజావారు కళ్లు తుడుచుకుని, వేలిముద్ర పడని ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేశారు. "దసరా సవారీ పాత గుర్రబ్బండి మీదే! తోలేది అప్పలసామే! దివాను గారూ, మీరు ఈ కారుతో పాటు అదే గూడ్సు బండిలో మద్రాసు వెళ్లండి. పదిహేను రోజులూ దాని పక్కనే నిలబడండి." అంటూనే దివాను గారి జేబులోంచి బంగారు మూత కలం లాగి భ్రమరాంబ చేతిలో పెట్టారు. "ఇక మీదట ఈ కోటలో కాగితాలు నువ్వే రాయి తల్లీ."

దివాను గారికి ముచ్చెమటలు పోశాయి. రంగంటిన చేత్తోనే మొహం తుడుచుకున్నారు. ఎడమ బుగ్గ మీద గుండ్రంగా, నల్లగా, నిగనిగలాడుతూ ఓ మచ్చ తేలింది.

"ఆహా, ఇదీ చుక్కంటే!" అన్నారు రాజావారు పగలబడి నవ్వుతూ. "తుడవకండి దివాను గారూ, దారి పొడుగునా బోలెడు స్టేషన్లు!"