పేరంభట్టు మీసాలు

ఆస్థాన వైద్యుడు పేరంభట్టుకి మందుల కంటే మీసాల మీద శ్రద్ధ ఎక్కువ. రోగి గుమ్మం తొక్కితే చాలు, ముందు చుట్టచుట్టిన తాటాకు మీద వేలిముద్ర వేయించుకునేవాడు. అందులో ఏం రాశాడో చెప్పడు, ఏం కోస్తాడో అంతకన్నా చెప్పడు.

ఎడమచేతి వేలికి గోరుచుట్టు లేస్తే మంగలి చిట్టెన్న ఆ మహానుభావుడి దగ్గరికే వెళ్ళాడు. భట్టు కత్తి నూరుతూ, "ముద్ర వెయ్యి" అన్నాడు.

"చీము తీస్తారా, వేలే తీసేస్తారా అయ్యగారూ?"

"నీబోటివాడికి చెప్తే అర్థమై చస్తుందా? వెయ్యరా!"

చిట్టెన్న ముద్ర వెయ్యకుండా, నొప్పి పళ్ళబిగువున ఓర్చుకుంటూ ఇంటికొచ్చేశాడు.

మర్నాడు రాజదర్శనానికి ముస్తాబవుతూ భట్టు అతణ్ణే పిలిపించాడు. చిట్టెన్న గడ్డం గీసి, కత్తి మీసం అంచున ఆనించి, చుట్టిన తాటాకొకటి ముందుకు చాపాడు.

"ముద్ర వేయండి అయ్యగారూ."

"ఏముందిరా ఇందులో? మీసం కత్తిరిస్తావా, గొరిగేస్తావా?"

"చెప్తే మీకు అర్థం కాదులెండి."

భట్టు చప్పున తల వెనక్కి లాక్కున్నాడు. "మూతి నాదిరా వెధవా! నాకు చెప్పకుండా కత్తెలా పెడతావు?"

చిట్టెన్న కత్తి తీసి పొదిలో పెట్టుకున్నాడు.

"మీసం పోతే రెణ్ణెల్లకి మొలుస్తుంది అయ్యగారూ. నా వేలు మొలుస్తుందా?"