కట్టకు ఎర్రటి ఊట

దస్తగిరికి కోపం ముక్కుమీదే ఉండేది. మౌలాలి బాబా దగ్గర శిష్యుడిగా చేరాక దాన్ని చంపి తీరాలని పట్టుబట్టాడు. ఎవరేమన్నా పళ్లు బిగబట్టుకుని ఊరుకునేవాడు. అలా ఊరుకునీ ఊరుకునీ, ఒక శుక్రవారం దర్గా అన్నదానంలో పెద్దరైతు ఓబుళేసు "పప్పులో ఉప్పేదిరా?" అన్నందుకు గరిటె విసిరికొట్టాడు. పాపం, ఓబుళేసు నుదురు బొప్పికట్టింది.

"నా వల్ల కాదు బాబా. నన్ను పంపించేయండి," అని దస్తగిరి వెక్కివెక్కి ఏడ్చాడు.

బాబా ఏదో చెప్పబోతుంటే చెరువు వైపు నుంచి కేకలు వినబడ్డాయి.

అది తాతల కాలం నాటి మట్టికట్ట. ఆ ఏడు వానలకు చెరువు అంచుదాకా నిండింది. కట్ట కింది వైపున ఊట పుట్టింది. ఊట మామూలే గానీ, ఇది ఎర్రటి బురదగా వస్తోంది. అంటే కట్ట లోపలి మట్టే కరిగి కొట్టుకొస్తోంది. ఎదురుగా పాలుపోసుకుంటున్న వరి, ఆ వెనకే ఊరు.

"మనమే ఆ చివర గండి కొట్టి నీళ్లు వదిలేద్దాం. పైరు పోతే పోయింది, ప్రాణాలన్నా మిగుల్తాయి," అన్నాడు ఓబుళేసు.

"ఆగు మామా!" అంటూ దస్తగిరి దూకాడు. బంకమట్టి తెచ్చి ఊట నోట్లో కుక్కి, కాళ్లతో తొక్కాడు. ఊట ఆగింది. రొమ్ము విరుచుకుని అందరి వైపూ చూశాడు. అంతలోనే పక్కన ఇంకోచోట బుస్సున పొంగింది, ఇంకా చిక్కగా.

"ఉన్నదీ చెడగొడితివి కదరా!" అంటూ ఓబుళేసు గడ్డపార అందుకున్నాడు.

బాబా లుంగీ ఎగ్గట్టి బురదలో దిగాడు. శిష్యుడు కుక్కిన మట్టినంతా చేతులతో పెరికేశాడు.

"అయ్యో, మళ్లా తెరుస్తాండారేంది బాబా!" అని దస్తగిరి మొత్తుకున్నాడు.

"వంక నుంచి ఇసుక తెండి. ఆ తర్వాత గులకరాళ్లు. ఆ పైన పెద్దరాళ్లు."

ఊరు ఊరంతా గంపలెత్తింది. ఊటల మీద ఇసుక పోశారు, దాని మీద గులకరాళ్లు, ఆ పైన బండలు. నీళ్లు మాత్రం ఆగలేదు. రాళ్ల సందుల్లోంచి వస్తూనే ఉన్నాయి. వస్తూ వస్తూ ఎరుపు తగ్గాయి. బాబా దోసిలి పట్టాడు. నీళ్లలోంచి ఆయన అరచేతి గీతలు కనబడ్డాయి.

"నిలిచిందిరోయ్ కట్ట!" అని ఓబుళేసు గడ్డపార అవతల పారేసి, తలగుడ్డ తీసి గాల్లోకి ఎగరేశాడు. ఈలలే ఈలలు! బురదకాళ్లతోనే జనం కట్టమీద చిందులేశారు. పైరూ దక్కింది, ఊరూ దక్కింది.

దస్తగిరి ఒక్కడే ఆ రాళ్ల దగ్గర కూర్చుండిపోయాడు. "నీళ్లింకా పోతానే ఉండాయి కదా బాబా?"

"పోనీరా. మట్టి పోలేదుగా."

తర్వాతి శుక్రవారం ఓబుళేసు ముద్ద నోట్లో పెట్టుకుని, "ఈపొద్దు ఉప్పు ఎక్కువైందిరా!" అన్నాడు. అంతే, పంక్తిలో వాళ్లంతా నుదుటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు.

దస్తగిరి గరిటె పట్టుకుని నిలబడ్డాడు. ఈసారి పళ్లు బిగబట్టలేదు.

"నాకు కోపమొస్తాంది మామా," అన్నాడు. అనేశాక తనకే నవ్వొచ్చింది. "ఉండు, మజ్జిగ పోస్తా."

పంక్తి చివర్నుంచి బాబా తన విస్తరి ముందుకు జరిపాడు.

"నాకూ పొయ్యిరా," అన్నాడు.