నాలుగు ఇటుకల వెలితి

ఏడు వందల దగ్గర జిన్నయ చేతులెత్తేశాడు.

కొండ మీది జైన బసదిలో గణితం నేర్చుకునే శిష్యులందరిలోకీ అతనే చురుకైనవాడు. అందుకే గురువు కనకనంది ముని అతన్ని పిలిచి ఒక సంఖ్య ఇచ్చారు. పది లక్షల ఇరవై రెండు వేల నూట పదిహేడు.

"ఇది రెండు సంఖ్యల గుణకారంగా విడిపోతుందో లేదో చూసి చెప్పు" అన్నారు.

మూడుతో భాగించాడు, పోలేదు. ఐదుతో, ఏడుతో, పదకొండుతో పోలేదు. నలభై రోజులుగా ఇదే పని. ఇసుక పలక మీద వేలితో రాయడం, చివర ఏదో ఒక శేషం మిగలడం, చెరిపేయడం. వేలి కొస కాయ కాచింది. తోటివాళ్లు రెండు పాఠాలు ముందుకు వెళ్లిపోయారు.

"స్వామీ, ఇది విడిపోయే సంఖ్య కాదు" అన్నాడు గురువు దగ్గరికొచ్చి, గట్టిగా.

"ఎందాకా చూశావు?"

"ఏడు వందల దాకా."

"ఎందాకా చూడాలి?"

"వెయ్యిన్ని పది దాకా. ఇంక నావల్ల కాదు స్వామీ. ఈ చదువు నాకు అబ్బేది కాదు. మా ఊరు పోయి మగ్గం దగ్గర కూర్చుంటాను. సెలవిప్పించండి."

ముని కాదనలేదు.

"వెళ్దువుగానిలే. పోయే ముందు పెరట్లో ఆ ఇటుకలు కాస్త సర్దిపెట్టు."

వంటశాల వెనక గింజలు ఎండబోయడానికి ఎవరో ఇటుకలు పరిచారు. తొమ్మిది వరుసలు, వరుసకు తొమ్మిది. ఇటుకలు చాలక ఒక మూల నాలుగింటి చోటు చదరంగా ఖాళీ ఉండిపోయింది. గింజలు ఆ సందులోంచి మట్టిలోకి జారిపోతున్నాయి.

"నాలుగు ఇటుకలు తెస్తే సరిపోతుంది" అన్నాడు జిన్నయ.

"కొత్తవి తేవద్దు. ఉన్నవాటిలో ఒక్కటీ మిగల్చవద్దు. నాలుగు మూలలూ సరిగ్గా రావాలి."

జిన్నయ కాళ్ల కింద చీమలు పడకుండా ముని నెమలి ఈకల కుంచెతో వాటిని నెమ్మదిగా పక్కకు తప్పిస్తూ కూర్చున్నారు.

జిన్నయ ఇటుకల చుట్టూ రెండుసార్లు తిరిగాడు. వెలితి ఉన్న రెండు వరుసల్లో ఏడేసి ఇటుకలే ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే తీసి, మిగిలిన ఏడు వరుసల చివర రెండేసి చొప్పున పేర్చుకుంటూ వచ్చాడు. ఆఖరి ఇటుక ఆఖరి చోట ఇట్టే కూర్చుంది. ఎక్కడా వెలితి లేదు.

అలవాటుకొద్దీ లెక్కపెట్టాడు. ఒక పక్క ఏడు. ఇంకో పక్క పదకొండు.

చేతులకంటిన మట్టి దులుపుకోబోయి ఆగిపోయాడు. తొమ్మిది తొమ్మిదులు ఎనభై ఒకటి. అందులో నాలుగు తక్కువ డెబ్బై ఏడు, అంటే ఏడు పదకొండ్లు.

పరుగున పలక దగ్గరికి వెళ్లాడు. తన సంఖ్యను వెయ్యిన్ని పదకొండు వర్గం దాటిపోతుందని మొదటి రోజే తేల్చుకున్నాడు. దాటింది కదా, వెయ్యిన్ని పది దాకా చూస్తే చాలని వదిలేశాడు. ఎంతతో దాటిందో చూడనేలేదు.

ఇప్పుడు చూశాడు. నాలుగుతో.

రెండు వరుసలు ఇటు తీసి అటు పేరిస్తే ఒక పక్క వెయ్యిన్ని తొమ్మిది, ఇంకో పక్క వెయ్యిన్ని పదమూడు. రెంటినీ గుణించాడు. ఒక్కొక్క అంకే వచ్చి ఇసుకలో నిలబడింది. పది లక్షల ఇరవై రెండు వేల నూట పదిహేడు!

ముని వచ్చి వెనక నిలబడ్డారు. జిన్నయ తలెత్తలేదు.

"ఎన్నింటికి ప్రయాణం?" అని అడిగారు ముని.

"ఇంకొకటి ఇవ్వండి స్వామీ" అన్నాడు జిన్నయ.

ముని వంగి ఇసుకలో మరో సంఖ్య రాశారు. ముందుదానికంటే పొడవైనది. రాసి, తన దారిన వెళ్లిపోయారు.

జిన్నయ మూడుతో మొదలుపెట్టలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, కొత్తగా ఇంటికొచ్చిన మనిషిని చూసినట్టు, దాన్ని చూస్తూ కూర్చున్నాడు.