బండ కింద కూర్చున్న తాబేలు

ఎండలు ముదిరి అడవిలో ఏరు ఎండిపోయింది. ఉత్తరం కొసన ఒక్క మడుగు మాత్రం మిగిలింది. ఏటి పక్కనే ఉన్న నున్నటి ఎత్తు బండ మీద నక్క చతురయ్య బడి నడిపేవాడు. కొందరిని అడిగి అందరి సంగతీ చెప్పడం, చెల్లాచెదురు అంకెల్లోంచి సగటు తీయడం, ఇవీ అతని పాఠాలు. జింకలు, కోతులు, కుందేళ్ళు ఎగిరి బండెక్కి నేర్చుకునేవి.

తాబేలు కూర్మమ్మకు ఆ విద్య మీద ప్రాణం. బండ ఎక్కబోయి నాలుగుసార్లు వెల్లకిలా పడింది. అప్పటినుంచి మూడేళ్ళుగా రోజూ కిందే కూర్చుని, మెడ చాచి, గాలికి తేలివచ్చినన్ని మాటలు ఏరుకునేది.

"కాస్త కింద చెప్పకూడదా గురువుగారూ?" అని ఒకసారి అడిగింది.

"చదువు కావలసినవాళ్ళే ఎక్కి రావాలి కూర్మమ్మా" అన్నాడు నక్క.

ఒకరోజు అడవి పెద్ద ఏనుగు బండ దగ్గరికి వచ్చింది. "చతురయ్యా, దక్షిణాన చెలమ తవ్వమని కొందరు అడుగుతున్నారు. నిజంగా నీళ్ళకు అంత కష్టంగా ఉందా? లెక్క తీసి చెప్పు."

మడుగుకు ఎంతసేపు నడుస్తారని నక్క అక్కడికక్కడే బండ మీది శిష్యులను అడిగాడు. "మడుగుకు సగటున ఒక్క ఘడియ నడక. చెలమ అక్కర్లేదు."

కూర్మమ్మ కిందనుంచి మెడ చాచింది. నిన్న పొద్దున దక్షిణం నుంచి బయలుదేరిన ముసలి ఉడుము మడుగు చేరకుండానే దారిలో సొమ్మసిల్లి పడిపోయింది.

"మమ్మల్ని అడగలేదు గురువుగారూ" అంది.

"బడికి రానివాళ్ళను ఎక్కడని వెతకను?"

"రాలేనివాళ్ళం. బండ ఎక్కగలిగిన కాళ్ళను అడిగితే నడక దగ్గరే అంటాయి."

ఏనుగు చెవులు ఆడించడం ఆపింది. "మరి ఎలా అడగాలంటావు?"

"అందరినీ ఏటి ఇసుకలోకి రమ్మని, ఎవరుండే దిక్కున వాళ్ళను కూర్చోబెట్టండి. మడుగుకు ఎన్ని ఘడియలు నడుస్తారో అన్ని గులకరాళ్ళు ఎవరి ముందు వాళ్ళు పెట్టుకోవాలి. మాట రానివాళ్ళూ రాయి పెట్టగలరు."

సాయంత్రానికి ఇసుక నిండింది. జింక ముందు ఒక రాయి. కోతి ముందు ఒకటి. ముళ్ళపంది ముందు ఆరు. నత్త ఇంకా పెడుతూనే ఉంది. ఉడుము రాళ్ళను దాని మనవరాలు పెట్టింది.

నక్క గబగబా దిగి వచ్చాడు. "అన్నీ ఒక్క కుప్ప చేయండి, సగటు తీస్తాను."

"కలపకండి గురువుగారూ" అంది కూర్మమ్మ. "కలిపితే ఎవరి దాహం ఎవరిదో తెలియదు."

ఏనుగు ఆ చివరినుంచి ఈ చివరికి నడిచి చూసింది. ఉత్తరాన నేల కనబడుతోంది, దక్షిణాన రాళ్ళ గుట్టలే కనబడుతున్నాయి. ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. దక్షిణాన నాలుగు బారల లోతు తవ్వేసరికి నీళ్ళు ఊరాయి.

"నీ శిష్యురాలు బాగా నేర్చుకుంది చతురయ్యా" అంది ఏనుగు. నక్క తల దించుకున్నాడు. "నేను నేర్పలేదు" అన్నాడు.

మర్నాటి నుంచి బడి ఇసుకలోకి దిగింది. నత్త మొదలు జింక దాకా అందరూ రాళ్ళు పేరుస్తూ పాఠం వింటున్నారు. కూర్మమ్మ ముందు వరసలో కూర్చుంది. పాఠం అయ్యాక నక్క కూర్మమ్మ దగ్గరికి వచ్చాడు.

"మూడేళ్ళలో నీకు వినబడకుండా పోయినవి చాలా ఉంటాయి. ఏది ముందు చెప్పమంటావు?"

కూర్మమ్మ మెడ పైకెత్తింది.

"పోయినేడు మొదటి వాన పడిన రోజు మీరేదో చెప్పారు. పైన అందరూ గొల్లున నవ్వారు. నేను ఒక్కదాన్నే కింద కూర్చుని, ఏమిటా అని ఇంటిదాకా అనుకుంటూ పోయాను. అది చెప్పండి."

నక్క గుర్తు తెచ్చుకోవాలని ఎంతో ప్రయత్నించాడు. గుర్తు రాలేదు.

అందరికీ అందే చోట చెప్పని చదువులో, నేర్పేవాడి లెక్కే మొదట తప్పుతుంది.