మూటల్లో తొమ్మిది వేల మంది

యేసురత్నం గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులెవరైనా ప్రశ్న వేస్తే జవాబు చెప్పేవారు కాదు. ఆ రోజంతా వాళ్ళను ఫోను బల్ల దగ్గర కూర్చోబెట్టేవారు. జూట్ మిల్లులో బస్తాలు మోస్తూ కంప్యూటరు నేర్చుకున్న మనిషి ఆయన. ఏలూరులో రక్తదాతల కేంద్రం నడుపుతూ, అక్కడే పిల్లలకు ఉచితంగా ప్రోగ్రాములు రాయడం నేర్పేవారు. నేను ఆ కేంద్రంలో పదేళ్ళు ఫారాలు టైపు చేశాను.

ఇందుమతి అనే శిష్యురాలు దాతల జాబితాకు కొత్త ప్రోగ్రాము రాసింది. ఒక్కో దాత ఊరు, రక్తం గ్రూపు, ఫోను నంబరు, ఫొటో అన్నీ ప్రోగ్రాములో ఉన్నవి ఉన్నట్టే మూటగట్టి, డేటాబేసు పట్టికలో పేరు పక్కన ఒకే గడిలో పెట్టేసింది. పని తొందరగా అయిపోయింది. యేసురత్నం గారు మాత్రం తన పాత కంప్యూటరులో ప్రతి దాత గ్రూపు, ఊరు, నంబరు వేరువేరు గడుల్లో ఎక్కిస్తూనే ఉన్నారు. ముసలాయన చాదస్తమని మావాళ్ళు చాటుగా నవ్వేవారు. ఆ నవ్వులకు నాకు ఒళ్ళు మండేది.

“ఇన్ని గడులెందుకు సార్?” అని ఒక ఉదయం ఇందుమతి అడిగేసింది. “పేరు చెబితే మూట వస్తుంది. విప్పితే మనిషి దొరుకుతాడు.”

“ఫోను దగ్గర కూర్చో తల్లీ,” అన్నారాయన.

పదకొండింటికి భీమడోలు నుంచి ఒక నర్సు ఫోను చేసింది. కాన్పులో రక్తం ఆగడం లేదు, ఓ నెగటివ్ కావాలి, త్వరగా కావాలి.

ఇందుమతి పట్టికను అడిగింది. పట్టికకు పేర్లు తప్ప ఇంకేమీ తెలియదు. తొమ్మిది వేల మూటలూ విప్పి చూడాలి. మొదటిది విప్పబోతే రాలేదు. రెండోదీ అంతే. ముందురోజే ఆమె ప్రోగ్రామును సవరిస్తూ దాని లోపలి భాగాల పేర్లు కొన్ని మార్చింది. పాత పేర్లతో కట్టిన మూటలను కొత్త ప్రోగ్రాము గుర్తుపట్టలేదు.

“అందరూ లోపలే ఉన్నారు సార్,” అంది. “ఎవరిది ఏ గ్రూపో పట్టిక చెప్పలేకపోతోంది.”

ఆయన కసరలేదు. పాత కంప్యూటరులో, భీమడోలు దగ్గర ఓ నెగటివ్ ఎవరని ఒక్క వాక్యం కొట్టారు. రెండు పేర్లు వచ్చాయి. మొదటి మనిషి ఫోను ఎత్తలేదు. రెండో అతను చేపల లారీ డ్రైవరు సత్తిబాబు. “లోడు మీదున్నానండి,” అన్నాడు. “పక్కన ఆపి వెళ్తాను.”

రెండింటికి నర్సు మళ్ళీ చేసింది. తల్లీ బిడ్డా బాగున్నారు. నవ్విన నోళ్ళన్నీ ఆ గదిలోనే ఉన్నాయి.

ఇందుమతి లేచింది. “మూటలన్నీ తీసెయ్యమంటారా సార్?”

“ఫొటోలతో ఎవరినీ వెతకం, అవి అందులోనే ఉండనీ,” అన్నారు యేసురత్నం గారు. తర్వాత ఫోనును మెల్లగా ఆమె వైపు జరిపారు. “రేపు కూడా నువ్వే కూర్చో. ఇక్కడికి ఫోను చేసేవాళ్ళెవరూ పేరు చెప్పి అడగరు.”