ఎన్ని రోజుల ఐసు

రెండువేల పద్నాలుగు, వేసవి. విశాఖలో వేట నిషేధం నడుస్తోంది. బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉన్నాయి. గరికిన అప్పన్న తన వల అమ్మేసి, ఆ డబ్బు కట్టి గోవాలో పోకర్ పోటీకి వెళ్లాడు. నదిలో లంగరేసిన ఓడ మీద ఆట. వెంట బోటు నడిపే సరంగు పోలయ్య వచ్చాడు. అప్పన్నకి సముద్రమూ పేకా రెండూ నేర్పినవాడు ఆయనే.

పోటీలో అందరికీ సమానంగా చిప్స్, అంటే పందెం బిళ్లలు, ఇస్తారు. అవి అయిపోయినవాడు లేచిపోవాలి. చివరికి మిగిలిన తొమ్మండుగురికే బహుమతులు. ఆడినా మానినా, పేక బల్ల చుట్టూ ఒకసారి తిరిగేసరికి ప్రతివాడూ కొన్ని చిప్స్ మధ్యలో వేసి తీరాలి. ఆ కట్టుబడి అరగంటకోసారి పెరుగుతుంది.

సాయంత్రం విరామం ఇచ్చారు. అప్పన్న ఈల వేసుకుంటూ పైకి వచ్చాడు. పోలయ్య రెయిలింగు పక్కన నిమ్మసోడా తాగుతున్నాడు.

“మావా, అరవై వేల చిప్స్! మా బల్ల మీద నాదే పెద్ద కుప్ప. పొద్దున్న రాణుల జత, అంత మంచి ముక్కలు వచ్చినా ఆడకుండా పారేశాను. నాకేటి తొందర? వాళ్లూ వాళ్లూ కొట్టుకు చావనీ. ఇవి చాలవా, నువ్వే చెప్పు.”

పోలయ్య గ్లాసులోని ఐసుముక్కలు అతని అరచేతిలో పోశాడు.

“ఎంతుందిరా?”

“గుప్పెడు.”

“మూసి పట్టుకో.”

తర్వాత ఆయన అవతలి ఒడ్డు చూస్తూ కూర్చున్నాడు. “ఆ పడవోడికి లంగరెయ్యడం రాదు, చూడు” అన్నాడు. అప్పన్న వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారి, కొత్త చొక్కా మోచేతి దాకా తడిసింది.

“చెయ్యి తిమ్మిరెక్కింది మావా. ఇదేం ఆట?”

“పన్నెండేళ్లు చేప కుళ్లకుండా నా బోటుకి ఐసెక్కించావు. ఎన్ని బుట్టలని ఏనాడైనా అడిగావా?”

“లేదు.”

“మరేటడిగేవోడివి?”

“ఎన్ని రోజులకి అని.”

కింద గంట మోగింది. అప్పన్న పిడికిలి విప్పాడు. చిక్కుడుగింజంత పలుకు మిగిలింది.

కట్టుబడి ఇప్పుడు చుట్టుకి ఆరు వేలు. అతను పెదాలు కదుపుతూ లెక్క వేశాడు.

“పది చుట్లు” అన్నాడు. “ఇంకో అరగంటకి ఐదు కూడా రావు.”

“రాణులొచ్చినప్పుడు?”

అప్పన్న మళ్లీ లెక్క వేశాడు. అప్పుడూ కుప్ప ఇంచుమించు ఇంతే, కట్టుబడి మాత్రం చుట్టుకి ఆరువందలు.

“వంద” అన్నాడు.

“ఐసున్నప్పుడే వల వెయ్యాలిరా” అని పోలయ్య గ్లాసు అడుగున మిగిలిన సోడా తాగేశాడు.

అప్పన్న కిందికి వెళ్లాడు. ఆరు చుట్లు పనికిరాని ముక్కలే వచ్చాయి. ఏడో చుట్టులో ఆసూ పదీ పడ్డాయి. మిగిలిన కుప్పంతా మధ్యలోకి తోశాడు. ఎదుటివాడు ముక్కలు తిప్పాడు. రాణుల జత.

కుప్ప వాడిదైంది. అప్పన్నది పంతొమ్మిదో స్థానం.

జూన్‌లో నిషేధం ఎత్తేశారు. ఆ ఏడూ, పై ఏడూ అప్పన్న ఊళ్లోవాళ్ల వలలు లాగడానికి కూలికి వెళ్లాడు.