ముళ్ళపంది వాపసు ఇచ్చిన కారు

అనగనగా ఒక అడవిలో కొత్తగా తారు రోడ్డు పడింది. రోడ్డు పడ్డాక కార్ల కొట్టు రాకుండా ఉంటుందా పిల్లలూ? కొండ మీద, రోడ్డు మలుపు తిరిగేచోట, నీలకంఠం అనే నెమలి ఒక కొట్టు తెరిచాడు. చుట్టూ అద్దాలు. లోపల కార్లు తళతళలాడుతూ ఉండేవి. వాటి మధ్య నీలకంఠం పురి విప్పి నిలబడితే, కార్లను చూడాలో నెమలిని చూడాలో తెలియక వచ్చినవాళ్ళు నోళ్ళు తెరిచేవాళ్ళు.

ఆ కొండ మీదే ముత్యాలు అనే ముళ్ళపంది ఉండేది. దుంపలు తవ్వడం ఆమె పని. తవ్విన దుంపలను కొండ కింద, ఏటి ఒడ్డున జరిగే సంతలో అమ్ముకునేది. ముత్యాలు ఎవరి దగ్గరా చెయ్యి చాచదు. ఇచ్చిన మాట తప్పదు. మొదలుపెట్టిన పని ముగించిగాని అన్నం ముట్టదు. వీపంతా ముళ్ళు కాబట్టి బుట్ట వీపున పెట్టుకునే వీలు లేదు. రొమ్ముకు తాడు కట్టుకుని, బుట్టను వెనకాల ఈడ్చుకుంటూ కొండ దిగేది. ఆమె చేరేసరికి సగం సంత అయిపోయేది. అమ్ముడుపోని దుంపలను మళ్ళీ పైకి ఈడ్చుకొచ్చేది.

అందుకే కారు కొనాలనుకుంది. ఎండనకా వాననకా తవ్వింది. తినడం తగ్గించింది. ఆఖరికి ఒక మంచిరోజున తెల్ల కారు కొనుక్కుంది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించింది. కొబ్బరికాయ కొట్టింది. పసుపు బొట్లు పెట్టిన కారును ఇంటికి తెచ్చుకుంటే ఇరుగుపొరుగు వచ్చి చుట్టూ తిరిగి చూశారు.

"ఇక నిన్ను పట్టుకోలేం వదినా," అన్నాడు పక్క పొదలో ఉండే అడవిపంది గంగులు. "సంతకు నేనూ వస్తా. వెనక సీట్లో చోటుంచు. నీ పక్కన కూర్చోమని మాత్రం అనకు, గుచ్చుకుంటాయి."

"వస్తే రా. దుంపల బస్తా మీద మాత్రం కూర్చోకు," అంది ముత్యాలు. ఆమె మాటెప్పుడూ అంతే.

సంతరోజు వచ్చింది. వెనక బస్తాలు, బస్తాల పక్కన గంగులు. కారు హాయిగా కొండ దిగుతోంది. ఒక మలుపు దాటాక ముత్యాలు బ్రేకు తొక్కింది. కాలు నేలదాకా పోయింది. కారు ఆగలేదు. ముత్యాలు కంగారు పడకుండా స్టీరింగు పక్కకు తిప్పింది. కారు పోయి ఒక చెదలపుట్టకు గుద్దుకుని ఆగింది.

గంగులు మూతి తుడుచుకుంటూ దిగాడు. "కొత్త బండి కదా వదినా. అడవిలో అందరి కళ్ళూ దాని మీదే. దిష్టి తగిలింది."

ముత్యాలు నెమ్మదిగా కారును వెనక్కి తిప్పి కొట్టుకు తీసుకెళ్ళింది. నీలకంఠం కూడా అదే మాట అన్నాడు.

"మా బండికి లోపమా? ఓర్వలేనివాళ్ళు చూసి ఉంటారు ముత్యాలుగారూ. ఒక బూడిద గుమ్మడికాయ తిప్పి కొట్టండి. బండి ముందుభాగానికి నల్లతాడు కట్టండి. సర్దుకుంటుంది."

"కాలు నేలదాకా పోయిందండీ."

"దిష్టి తగిలితే పోతుంది మరి."

ముత్యాలుకు నమ్మకం కలగలేదు. అయినా చెప్పింది చెయ్యకుండా మళ్ళీ వస్తే మాట పడాలి కదా. గుమ్మడికాయ తిప్పి కొట్టింది. నల్లతాడు కట్టింది.

మళ్ళీ సంతరోజు. గంగులు ఈసారీ వెనక ఎక్కాడు. మొదటి మలుపు బాగానే దిగింది. రెండో మలుపూ దిగింది. మూడో మలుపులో కాలు మళ్ళీ నేలదాకా పోయింది. కారు రోడ్డు దిగి వెదురు పొదలోకి దూసుకుపోయింది. వెదుళ్ళు విల్లులా వంగి ఎలాగో నిలబెట్టాయి. ముత్యాలు కిందికి చూసింది. సరిగ్గా ఆ పొదకు దిగువన, ఏటి ఒడ్డున దుప్పులు పిల్లలతో నీళ్ళు తాగుతున్నాయి. వెదుళ్ళు విరిగి ఉంటే కారు వాటి మీదే పడేది.

ముత్యాలు మెల్లగా కారు దిగి, ముందు కట్టిన నల్లతాడును తెంపి పారేసింది.

"గుమ్మడికాయ బాగానే పగిలింది. బ్రేకు మాత్రం పట్టలేదు," అంది. "ఇది దిష్టి కాదు గంగులూ."

కారును పొదలోంచి లాగించి మళ్ళీ కొట్టుకు తీసుకెళ్ళింది. ఈసారి నీలకంఠం కారు చుట్టూ తిరిగాడు. తలుపు తీశాడు. సీటు చూసి నవ్వాడు. కొట్టులో ఉన్న కొనుగోలుదారులను కూడా పిలిచి చూపించాడు.

"చూశారా? సీటంతా చిల్లులు. కొత్త బండిని జల్లెడ చేసి తెచ్చి వాపసు తీసుకోమంటున్నారు."

అందరూ నవ్వారు. ముత్యాలుకు సిగ్గు ముంచుకొచ్చింది. కానీ తల దించుకోలేదు.

"చిల్లులు నా ముళ్ళవే," అంది. "సీటు నేనే కుట్టించి ఇస్తాను. బ్రేకు పోయింది మాత్రం నా ముళ్ళ వల్ల కాదు. అది మీరు చూడండి."

పిల్లలూ, ఇక్కడ గమనించండి. ముత్యాలు తన తప్పును దాచుకోలేదు. ఎదుటివాడి తప్పును నెత్తిన వేసుకోనూ లేదు. ఈ రెండూ ఒకేసారి చెయ్యగలిగేవాళ్ళు తక్కువ.

నవ్వినవాళ్ళు నవ్వడం ఆపేశారు. నీలకంఠం ఏదో నూనె పోయించి, ఏదో మర బిగించినట్టు చేసి, "ఇక ఏ ఢోకా లేదు" అని పంపేశాడు.

ఈసారి ముత్యాలు కారులో ఎవరినీ ఎక్కనివ్వలేదు. దుంపలకు బదులు రాళ్ళు వేసింది. ఇంటి వెనక చిన్న దిగుడు ఉంది, దాని చివర ఇసుక దిబ్బ. అక్కడ నడిపి చూసింది. ఖాళీగా ఉన్నప్పుడు బ్రేకు పట్టింది. బరువు వేస్తే పట్టలేదు. మళ్ళీ ఖాళీగా దిగింది, పట్టింది. మళ్ళీ బరువు వేసి దిగింది, కారు పోయి ఇసుకలో కూరుకుపోయింది.

గంగులు గట్టు మీద కూర్చుని అంతా చూశాడు.

"వదినా, నా మాట విను. ఈ నెమలితో నువ్వు వేగలేవు. కుందేలు పూసయ్య బండి కోసం వెతుకుతున్నాడు. అతనికి అమ్మెయ్. ఖాళీగా నడిపి చూపిస్తే చాలు. నువ్వు అబద్ధం ఆడనక్కర్లేదు. అడగనిది చెప్పకుండా ఉంటే సరి."

"పూసయ్య ఖాళీగా తిరగడానికా కొనేది? ఇంటినిండా పిల్లలు. అందరినీ ఎక్కించుకుని కొండ దిగుతాడు."

"అది అతని రాత."

"ఆ రాత రాసేది నేను, నింద మాత్రం రాతకా," అంది ముత్యాలు. గంగులు గట్టు దిగి వెళ్ళిపోయాడు.

అప్పటికే పడమట మబ్బులు కమ్ముతున్నాయి. తవ్విన దుంపలు గోతి నిండా ఉన్నాయి. వాన పడితే మొలకలొచ్చి కుళ్ళిపోతాయి. ఆ ఏడాది కష్టమంతా ఆ గోతిలోనే ఉంది. ముత్యాలుకు కారు కావాలి, అదీ వెంటనే కావాలి.

మర్నాడు ఆమె కారును నడపలేదు. అడవిదున్నను పిలిచి, తాడు కట్టించి, రోడ్డు పొడుగునా అందరూ చూస్తుండగా కొట్టుదాకా లాగించింది. సీటు శుభ్రంగా కుట్టించి ఉంది. కొట్టు ముందు జనం మూగారు. నీలకంఠం పురి ముడిచి గబగబా బయటికొచ్చాడు.

"ఇదేమిటమ్మా, నడిబజార్లో? లోపలికి రండి. మజ్జిగ తాగుదురుగాని."

లోపల కూర్చోబెట్టి గొంతు తగ్గించాడు.

"మీరు మాట మీద నిలబడేవారని నాకు తెలుసు. ఆ బండి వదిలెయ్యండి. ఇదిగో, ఎర్ర బండి. దానికంటే మంచిది. ఇప్పుడే తోలుకుపోండి. ఒక్కటే కోరిక. పాత బండి గురించి బయట ఎవరితోనూ అనకండి."

తాళంచెవి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

ముత్యాలు కిటికీలోంచి ఎర్ర కారును చూసింది. పైన మబ్బును చూసింది. ఈ సాయంత్రానికల్లా దుంపలన్నీ సంతకు చేరతాయి. ఆమె అడగవలసింది అడిగింది, రావలసింది వచ్చింది. ఇక ఇంటికి పోవడమే. తాళంచెవి పట్టుకుని లేచింది.

వాకిట్లోకి వచ్చేసరికి ఆమె తెల్ల కారు కడిగి ఉంది. సీటుకు కొత్త గుడ్డ తొడిగారు. ముందు బంతిపూల దండ వేలాడుతోంది. కుందేలు పూసయ్య ఒక్కొక్క పిల్లనీ ఎత్తి వెనక సీట్లో కూర్చోబెడుతున్నాడు.

"దండాలు అత్తా," అన్నాడు ముత్యాలును చూసి. "మేమూ కొంటున్నాం. వాడిన బండి అని షావుకారుగారు తగ్గించి ఇస్తున్నారు. పిల్లలు ఒకటే గోల, సంతకు తీసుకెళ్ళమని."

"దాంట్లో ఏ లోపమూ లేదు పూసయ్యా," అన్నాడు నీలకంఠం వెనకనుంచి. "ముత్యాలుగారు నడిపిన బండే. రంగు నచ్చక మార్చుకున్నారు. ఏమ్మా?"

ముత్యాలు పిల్లల వైపు చూసింది. చేతిలో తాళంచెవి చల్లగా తగులుతోంది. అవునని కూడా అనక్కర్లేదు. ఊరికే నడిచి వెళ్ళిపోతే చాలు.

ఆమె తాళంచెవిని తీసుకెళ్ళి నీలకంఠం పాదాల దగ్గర పెట్టింది. తిన్నగా వెళ్ళి తెల్ల కారు ముందు, చక్రాలకు అడ్డంగా పడుకుంది. ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి.

"పూసయ్యా, పిల్లలను దించు," అంది. "బరువుంటే ఈ బండి ఆగదు. రెండుసార్లు కొండ మీదినుంచి పడబోయాను. ఇది కదలాలంటే నా ముళ్ళ మీదుగా కదలాలి. టైరు మిగలదు."

పూసయ్య చెవులు నిటారుగా లేచాయి. పిల్లలను రెండు చేతులా పట్టి దించేశాడు.

"అబద్ధం," అన్నాడు నీలకంఠం. గొంతు మాత్రం కీచుమంది. "వంకలు పెట్టడం ఈవిడకు అలవాటు. బండి నిక్షేపంలా ఉంది."

"అలాగే కానివ్వండి షావుకారుగారూ. అడవిదున్న వెనక సీట్లో రాళ్ళ మూటలు వేస్తాడు. మీరు ముందు కూర్చుని కొండ దిగండి. సంతకు క్షేమంగా చేరితే ఈ బండి నేనే ఉంచుకుంటాను. మళ్ళీ మీ గుమ్మం తొక్కను."

"ఆయనకేం వదినా, రెక్కలున్నాయి," అన్నాడు గుంపులోంచి గంగులు. ఎప్పుడొచ్చాడో వచ్చి నిలబడ్డాడు. "బ్రేకు పోతే ఎగిరిపోతాడు. అద్దాలు ఎత్తి కూర్చోమను."

అందరూ నీలకంఠం వైపు చూశారు. అడవిదున్న రోడ్డు పక్క రాళ్ళు మూటగట్టి ఎక్కించాడు. నీలకంఠం తలుపు తీశాడు. ఒక కాలు లోపల పెట్టాడు. ముందున్న రోడ్డును చూశాడు. రోడ్డు మలుపు తిరిగి, కిందికి జారి, ఎక్కడో ఏటి దగ్గర దారంలా కనిపిస్తోంది.

నీలకంఠం కాలు వెనక్కి తీసుకున్నాడు.

అమ్మేవాడే ఎక్కని బండి ఎలాంటిదో అక్కడున్న చీమకు కూడా తెలిసింది.

"నాకు అలాగే వచ్చింది," అన్నాడు నీలకంఠం నేల చూస్తూ. "వెనక్కి పంపితే నేను నష్టపోతాను."

"నష్టం మీదైతే మీరే మొయ్యండి," అంది ముత్యాలు లేచి మట్టి దులుపుకుంటూ. "పిల్లల మీద వెయ్యకండి."

నీలకంఠం ఆ కారు చక్రాలు అక్కడే ఊడదీయించాడు. కొనడానికి వచ్చినవాళ్ళు ఊరుకోలేదు. మిగతా బండ్లన్నీ కూడా పరీక్ష చేసేదాకా ఏదీ కదలకూడదన్నారు. ఎర్ర కారు కూడా లోపలే ఉండిపోయింది. ముత్యాలు ఉత్త చేతులతో ఇంటికి వెళ్ళింది.

ఆ రాత్రే వాన మొదలైంది. గోతిలోకి నీళ్ళు దిగాయి. చాలా దుంపలు కుళ్ళిపోయాయి. మిగిలినవి ఏరి, రొమ్ముకు తాడు కట్టుకుని, బురదలో ఈడ్చుకుంటూ ముత్యాలు సంతకు దిగింది. కాళ్ళు జారాయి. ఒళ్ళంతా బురద అయింది. మంచి మాట చెప్పిన వెంటనే మంచి జరుగుతుందని నేను మీకు చెప్పను పిల్లలూ. జరగలేదు.

"తాళంచెవి చేతికొచ్చింది కదా వదినా," అన్నాడు గంగులు, గొడుగులా ఒక ఆకు పట్టుకుని పక్కన నడుస్తూ. "ఒక్క నిమిషం నోరు మూసుకుని ఉంటే ఈపాటికి కారులో పోయేదానివి."

"పోయేదాన్ని," అంది ముత్యాలు. "నువ్వు ఊరికే నడిచే బదులు తాడు పట్టు."

గంగులు గొణుగుతూనే తాడు పట్టాడు.

వానలు వెలిశాక ఒకరోజు ఎర్ర కారు ముత్యాలు ఇంటి ముందు ఆగింది. వెనక సీటు నిండా రాళ్ళ మూటలు. ముందు నీలకంఠం, ఈకల నిండా దుమ్ము.

"కొండ దిగి, మళ్ళీ ఎక్కి వచ్చాను," అన్నాడు. "ఇప్పుడు ఏ బండి అమ్మినా ముందు నేనే ఇలా దిగి వస్తున్నాను. అలా అయితేనే కొంటున్నారు." తాళంచెవి ఆమె చేతికిచ్చి, వెళ్ళబోయి ఆగాడు. "ఒక్క మాట అడుగుతాను. ఆ రోజు మీ పని అయిపోయింది. మీ బండి మీకు వచ్చింది. ఆ కుందేలు మీకేమన్నా చుట్టమా?"

"కాదు," అంది ముత్యాలు. "నాకు తెలుసు, అతనికి తెలియదు. అంతే."

అని దుంపలు తవ్వడానికి వెళ్ళిపోయింది.

నీతి: మనకు జరిగిన అన్యాయం సరిదిద్దుకోవడంతో మన పని తీరదు, అది తెలియక ఇంకొకరు మోసపోకుండా చూసినప్పుడే తీరుతుంది.